ఏకు, మేకు, మేము

పాత ఇనప కొట్టుకి పొద్దున్నే వెళ్లాలి. పదింటికల్లా తూకాలు అయిపోతాయి. ఊళ్లమ్మట సైకిళ్ల మీదా, తోపుడు బళ్ల మీదా తిరిగి తెచ్చిన సరుకంతా ఒకే గుట్టలో పడిపోతుంది. ఆ గుట్టలో పడ్డాక బాడిసకీ బకెట్టు చెవికీ తేడా ఉండదు. పడకముందే చూసుకోవాలి. రాజమండ్రిలోనూ, ధవళేశ్వరంలోనూ, అటు తణుకు, పాలకొల్లు, ఇటు మండపేట, రామచంద్రపురం దారుల్లోనూ ఇరవై ఏళ్లకు పైగా మేం ఇలా పొద్దున్నే నిలబడుతున్నాం. ఉలి, బాడిస, చిత్రిక, రంపం, బర్మా, పట్టకారు, గునియా. దొరికినవాటిని కిరసనాయిల్లో నానబెట్టి, ఇటికపొడితో తోమి, కొబ్బరినూనె రాసి దాచుకుంటున్నాం. తుమ్మకర్ర పిడి మీద ఎవరిదో బొటనవేలు పడీ పడీ గుంట పడి ఉంటుంది. ఆ గుంటలో మా వేలు పెట్టి చూసుకుంటాం. ఇంట్లోవాళ్లు పిచ్చి అంటారు. పిచ్చే.

ఈ కొట్లలో చాలావాటి యజమానులు మావాళ్లే. 'పాత ఇనప సామాన్లు కొంటాం' అని వీధుల్లో అరిచే కుర్రాళ్లలో చాలామంది మావాళ్లే. కోస్తాలో సాయిబు అనగానే జనానికి గుర్తొచ్చే పనులు నాలుగైదే. మాంసం కొట్టు, మెకానిక్ షెడ్డు, కుట్టుమిషను, సోడా బండి, పాత ఇనుము. మేం నవాబుల వారసులమని ఒక కథ ఉంది. ఆ నవాబులు గోదావరి జిల్లాల్లో ఎలా ఉన్నారో చూడాలంటే పొద్దున్నే ఏడింటికి ఈ కొట్ల దగ్గరికి రావాలి. చేతికి గుడ్డలు చుట్టుకుని తుప్పు ఏరుకుంటూ కనిపిస్తారు.

మేం వెతికింది నిజానికి ఒక్కటే. అది ఈ కొట్లలో దొరకదని తెలియడానికి చాలాకాలం పట్టింది. దూదేకే విల్లు. అది కర్ర. ఇనప కొట్టువాడికి కర్రతో పనిలేదు. మనిషంత పొడుగు దూలం, ఒక చివర వెడల్పాటి చెక్క, ఆ చివరి నుంచి ఈ చివరికి మేక పేగుతో పేనిన నారి. పైనుంచి తాడుతో వేలాడదీస్తారు. ఎడమచేత్తో దూలం పట్టుకుని, కుడిచేత్తో రెండు వైపులా గుబ్బలున్న కర్రదిమ్మెతో నారిని మీటుతారు. నారి దూదిలోకి దిగి వణుకుతుంది. ఆ వణుకుకి ముద్దగట్టిన దూది పోగు పోగుగా విడిపోయి లేస్తుంది. గింజముక్కా, ఆకుపొట్టూ కింద రాలిపోతాయి. బలంతో లాగితే పోగు తెగుతుంది. వణుకుతోనే విప్పాలి. మా తాతలకి తెలిసిన విద్య అదీ. దానితోపాటు ఊపిరితిత్తుల నిండా దూది ధూళి. ఆ దగ్గు కూడా ఇంటి ఆస్తుల్లో ఒకటి.

మా తాతలు దూదేకారు. మా నాన్నలు ఆ సంగతి దాచారు. మేం ఆ పనిముట్టు కొనుక్కుందామని తిరుగుతున్నాం.

నాన్నలు ఎందుకు దాచారో తెలుగువాళ్లకి వేరే చెప్పాలా? పింజారి అంటే దూది ఏకేవాడు, అంతే. కానీ బడిలో, బజారులో, సినిమాలో ఆ మాటకి పక్కనే ఇంకో మాట అతుక్కుని వస్తుంది. పింజారి వెధవ. తిట్టేవాళ్లలో చాలామందికి అదొక కులం పేరని తెలీదు. తెలీదు కాబట్టి తప్పులేదంటారు. మాకది ఇంకా పెద్ద దెబ్బ. ఒక మనిషి పని పేరు, అలాంటి మనుషులు ఉన్నారన్న సంగతే మరిచిపోయేంతగా తిట్టయిపోయింది. వడ్రంగి, కమ్మరి, సాలె, కుమ్మరి అనే మాటలు కూడా చులకనగా వాడతారు, కాదనం. తరగతి గదిలో పంతులు లెక్క తప్పిన పిల్లాణ్ణి 'ఒరే పింజారీ' అన్నప్పుడు మూడో బెంచీలో తలవంచుకున్న పిల్లాడెవడో ఆయనకి తెలీదు. ఆ పిల్లాడే మా నాన్న.

ఇంకో సామెత ఉంది. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడని. ఏకు అంటే వడకడానికి సిద్ధంగా చుట్టిన దూది. మెత్తగా వచ్చి, మేకులా దిగబడ్డాడని అర్థం. మా గురించి ఈ సామెత వాడటం మేం చాలాసార్లు విన్నాం. ఇల్లు అద్దెకివ్వనన్న పెద్దమనిషి నోట విన్నాం, ఎన్నికల ముందు మైకులో విన్నాం. కోపం తర్వాత వచ్చేది, ముందు నవ్వొచ్చేది. ఆ ఏకు చేసి ఇచ్చిందెవరు? మీ ఇంటి రాట్నానికి, మీ ఇంటి పరుపుకి, మీ ఇంటి దీపంలో వత్తికి దూది విప్పి ఇచ్చిన చేతుల్నే ఆ సామెత గుచ్చుతోంది.

ఈ డెల్టా ఎప్పుడూ వరిచేలే అనుకుంటాం. కాదు. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలోనూ, తూర్పున ఇంజరంలోనూ ఈస్టిండియా కంపెనీ కోఠీలు పెట్టింది ఇక్కడి నూలుబట్ట కోసమే. మాధవాయిపాలెం పేరు 'మడపొల్లం' అయి, ఒక రకం నూలుగుడ్డ పేరుగా ఇంగ్లిషు నిఘంటువుల్లో కూచుంది. ఆ గుడ్డ వెనక సాలెవాడు కనిపిస్తాడు. సాలెవాడి వెనక వడికిన ఆడవాళ్లు కాస్త కనిపిస్తారు. వాళ్ల వెనకున్న దూదేకులవాడు కనిపించడు. లాంకషైర్ మిల్లు నూలు వచ్చి రాట్నాన్ని మూలన పెట్టింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో కాలవలు వచ్చి వరి వచ్చింది. దూదేకులవాడికి పరుపులూ దిండ్లూ మిగిలాయి. ఆ తర్వాత మోటారు మిషను వచ్చింది, దాని తర్వాత ఫోము పరుపు వచ్చింది. గాంధీగారు ఖద్దరు మొదలుపెట్టినప్పుడు రాట్నం దొరికాక దూది ఏకేవాడి కోసం వెతకాల్సి వచ్చిందని ఆయన ఆత్మకథలోనే ఉంది. గంగాబెన్ వెతికి పట్టుకున్న ఆ మనిషి నెలకి 35 రూపాయలకి తక్కువైతే రానన్నాడట. అప్పుడు ఏ ధరా ఎక్కువనిపించలేదంటారు గాంధీ. గంగాబెన్ పేరు ఆ పుస్తకంలో ఉంది. ఆ ఏకేవాడి పేరు లేదు.

సరే, విల్లు సంగతి. చివరికి కోనసీమలో ఒక లంక ఊళ్లో దొరికింది. ఒక మామ్మ పాకలో మేకల పక్కన బట్టలారేసుకునే దండెంగా కట్టి ఉంది. నారి ఎప్పుడో పోయింది. దూలం మాత్రం నల్లగా, నున్నగా, చెయ్యి పడినచోట సన్నబడి ఉంది. ఎంతిమ్మంటావు మామ్మా అంటే, 'దండేనికి డబ్బులేంటి బాబూ, ఇంకో వెదురు తెచ్చి కట్టిచ్చి పట్టుకుపొండి' అంది. మనవడు మాత్రం తొందరపడ్డాడు. 'ముందు తీసుకుపొండి సార్. ఆదివారం చెల్లికి సంబంధంవాళ్లొస్తున్నారు. గుమ్మంలోకి రాగానే ఇదే కనిపిస్తే బావుండదు' అన్నాడు. వస్తున్నవాళ్లెవరని అడిగాం. మనవాళ్లే. కాకపోతే తాము షేకులమని చెప్పుకునేవాళ్లు.

ఇది కూడా రాయాలి. హిందువుల దగ్గర మేం తురకలం. సయ్యదులూ పఠానుల దగ్గర దూదేకులవాళ్లం. ఉర్దూ రాదు కాబట్టి సగం తురకలమని ఒకరు, పేర్లు ఇలా ఉన్నాయి కాబట్టి సగం తెలుగువాళ్లమని ఇంకొకరు. వరసలో భుజానికి భుజం ఆనించి నమాజు చదివి, బయటికొచ్చాక పిల్లనిచ్చే దగ్గర భుజం తీసేసే పెద్దల్ని మా ఊళ్లలోనే చూశాం. బయటినుంచి వచ్చే దెబ్బ గురించి రాసినంత తేలిగ్గా లోపలి దెబ్బ గురించి రాయలేం. సిగ్గేస్తుంది.

ఆ దూలాన్ని పంటు మీద గోదావరి దాటించాం. పక్కనున్న రైతు అడిగాడు, 'ఏంటండీ అది?' అని. అప్పుడు మేం ఏం చెప్పామో చెప్తే నవ్వుతారు. 'పాతకాలం వాయిద్యం అండీ, తంబూరా లాంటిది' అన్నాం. ఇరవై ఏళ్లు వెతికిన వస్తువు. తాతల వస్తువు. దాని పేరు చెప్పడానికి నోరు రాలేదు. 'మీటండి, వింటాం' అన్నాడాయన. తీగె తెగిపోయిందన్నాం. నాన్నలు దాచారని ఇందాక ఎంత ధీమాగా రాశామో చూడండి.

దీన్ని తెచ్చి ఇంట్లో గోడకి పెట్టాం. వచ్చినవాళ్లు చూస్తారు, బావుందంటారు. ఇక్కడే మాకు అసలు చిక్కు మొదలైంది. తాతని దగ్గుతో చంపిన కర్ర మాకు అందంగా ఎందుకు కనిపిస్తోంది? ఆ మనవడికి ఎందుకు కనిపించలేదు? మాకు నెల జీతం ఉంది. సంబంధాలు కలుపుకోవడం అయిపోయింది. ఆ కర్ర నుంచి మేం ఎంత దూరం వచ్చామో, అంతే అందం దానికి పట్టింది. అతను ఇంకా దాని నీడలోనే ఉన్నాడు. పాత పనిముట్టు మీద ప్రేమ, ఆ పని నుంచి తప్పించుకున్నవాడికే కలుగుతుందేమో. అలాగైతే ఆ ప్రేమని నమ్మొచ్చా?

నమ్మొచ్చనే మా వాదన. కానీ వాదన తేలిగ్గా నిలవదు. ఇస్లాం వైపు నుంచి చూస్తే దారి కాస్త సుళువుగా కనిపిస్తుంది. దావూద్ ప్రవక్తకి అల్లా ఇనుమును మెత్తబరిచాడని, కవచాలు చెయ్యడం నేర్పాడని ఖురాన్ చెప్తుంది. రాజై ఉండి కూడా ఆయన తన చేతి సంపాదనే తిన్నాడని హదీసు. ఇక దూదేకులవాడి సంగతి. 922లో బాగ్దాదులో ఉరికొయ్యెక్కిన మహా సూఫీ పేరు హల్లాజ్. హల్లాజ్ అంటే ఏంటి? దూది ఏకేవాడు. పింజారి. ఆ పేరుని ఎవరూ దాచలేదు. వెయ్యేళ్ల తర్వాత కూడా ఇస్లాం లోకమంతా ఆయన్ని ఆ పనిపేరుతోనే పిలుస్తోంది. ఆయన కథ రాసిన అత్తార్ పేరుకి అర్థం అత్తరు అమ్మేవాడని. ఉత్తరాదిన దూది ఏకేవాళ్లు మన్సూర్ హల్లాజ్ పేరు మీద తమని మన్సూరీలని పిలుచుకుంటారు. లద్దాఫ్ అని మావాళ్లకున్న ఇంకో పేరు అరబ్బీలో దూది ఏకేవాణ్ణి చెప్పే నద్దాఫ్ నుంచి వచ్చింది. అక్కడ పని పేరు బిరుదయింది. ఇక్కడ తిట్టయింది. మధ్యలో ఏం జరిగింది? మధ్యలో కులం జరిగింది. మతం మారినా పనిముట్టు మారలేదు. పనిముట్టు మారకపోతే ఈ దేశంలో ఏదీ మారదు.

2007లో ముస్లింలలో వెనకబడినవాళ్లకి రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ఆ జాబితా చదివాం. దూదేకులవాళ్లం అంతకుముందే బి.సి. 'బి'లో ఉన్నాం. కొత్త జాబితాలో 'ఇ' కింద 14 తరగతులు. అందులో ఒక వరస చూసి ఆగిపోయాం. కక్కుకొట్టే జింక సాయిబులు, తిరుగటి గంట్లవారు, రోళ్లకు కక్కు కొట్టేవారు. తిరగలి అరిగి నున్నబడితే ఉలీ సుత్తీ పట్టుకొచ్చి గంట్లు పెట్టేవాళ్లు. మిక్సీలొచ్చాక ఆ కేక వీధుల్లో వినపడ్డం మానేసింది. పని పోయింది, పనిముట్టు తూకానికి పోయింది, పేరు మాత్రం ప్రభుత్వం కాగితం మీద మిగిలింది. ఆ పేరుతో సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే పిల్లకి కాలేజీలో సీటు. తాత ఉలి ఎలా ఉంటుందో ఆ పిల్ల చూసి ఉండదు. ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద నిలబడి తన కులం పేరు గట్టిగా చెప్పలేక, కాగితం మీద రాసి చూపించిన పిల్లని మేం చూశాం.

'మీరెప్పుడొచ్చారిక్కడికి?' ఈ ప్రశ్న ఎదురైనప్పుడు మాలో చదువుకున్నవాళ్లు రాజమండ్రి పెద్ద మసీదు గుమ్మం మీది శాసనం చూపిస్తారు. 1324 నాటిది. అంటే ఈ నేలమీద ఏడువందల ఏళ్లు. మంచి సాక్ష్యమే. కానీ మాకెందుకో ఆ రాయి పట్టుకుని నిలబడాలనిపించదు. అది ఢిల్లీ సుల్తాను సైన్యం దిగినప్పటి రాయి. మా తాతలు ఆ సైన్యంలో రాలేదు. ఈ ఊళ్లలోనే పుట్టి, ఈ ఊళ్లలోనే ఏ అవమానం తట్టుకోలేకనో, ఏ ఫకీరు మాట నచ్చో మతం మారినవాళ్లు. గెలిచినవాడి శాసనం మా సాక్ష్యం అయితే, గెలిచినవాడి అప్పులు కూడా మా నెత్తినే పడతాయి. పడుతున్నాయి కూడా. మా సాక్ష్యం ఆ నున్నబడిన దూలమే. రాయికి తేదీ ఉంది, దూలానికి లేదు. కోర్టులో రాయే చెల్లుతుంది.

విశ్వబ్రాహ్మల సంచి విప్పి చూడండి. బర్మా అనే మాట పార్సీ. గునియా పార్సీ. కొందరు చిత్రికని రందా అంటారు, అదీ పార్సీయే. మేస్త్రీ అన్నది పోర్చుగీసు. బాడిస, ఉలి, రంపం మన మాటలు. దసరాకి ఆ సంచిలోవన్నీ ఒకే పీట మీద పెట్టి ఒకే పసుపూ కుంకుమా పెడతారు. ఏది ఎక్కణ్ణించి వచ్చిందని ఏ వడ్రంగీ విడదీసి పెట్టడు. పనికి వస్తే అది మనదే.

అన్నీ ఇలా హాయిగా ఉండవు. 1992 డిసెంబర్ 6 తర్వాత చాలాకాలం మేం గునపం కొనలేదు. పత్రికల్లో ఆ బొమ్మలు చూశాం. గుమ్మటాల మీద ఎక్కినవాళ్ల చేతుల్లో ఫిరంగులు లేవు. గునపాలు, పలుగులు, సుత్తులు. ఏ ఊరి కొలిమిలోనైనా సాగే ఇనుము. ఆ వారం ఇనప కొట్లో ఒక మంచి పాత గునపం, ఎనిమిది పలకలది, చేతికి తగిలింది. తీసినచోటే పెట్టేశాం. అక్కడే ఉన్న కొట్టు యజమాని, మావాడే, ఒక మాటన్నాడు. 'దీంతోనే గదన్నా మనం గొయ్యి తవ్వుకునేది' అని. నిజమే. మా ఖబరస్తాన్‌లో గొయ్యి తవ్వే గునపమూ అలాంటిదే. మా నాన్నకి మట్టి ఇచ్చిన రోజు తడినేలలోకి దిగిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది. ఇనుముకి పాపం లేదనడం తేలిక. కానీ పట్టుకున్న చేతిని బట్టే అంతా అంటే, పిడి మీద వేలిగుంట చూసి మురిసిపోయే మా అలవాటు సంగతేంటి? ఆ గునపాల పిడిచోట కూడా ఎవరివో వేళ్లు అరిగే ఉంటాయి. వాటినీ ఎవరో ఎక్కడో నూనె రాసి దాచుకునే ఉంటారు. ఈ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. గునపం మాత్రం ఇంకా కొనలేదు.

పనిముట్లు దాచేవాళ్లు లోకమంతా ఉన్నారు. ఇంగ్లండులో షెఫీల్డు ఊళ్లో కెన్ హాలీ అనే ఆయన జీవితమంతా పోగుచేసినవి కెల్హామ్ ఐలాండ్ మ్యూజియంలో పెట్టారు. ఫ్రాన్సులో త్రోయ్ అనే పట్నంలో 1974 నుంచి పనిముట్లకీ, కార్మికుల ఆలోచనకీ కలిపి ఒక మందిరమే ఉంది. దానికి మూలపురుషుడు పాల్ ఫెల్లర్ అనే క్రైస్తవ గురువు. మన దగ్గర పోగుచేసేవాళ్లు తక్కువే గానీ ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే ముందు అడిగేది ముద్ర. షెఫీల్డు ముద్ర ఉందా? మార్పుల్స్ వాళ్ల మూడాకుల గుర్తు ఉందా? 'కాస్ట్ స్టీల్' అని చెక్కి ఉందా? ఉంటే వేలల్లో పలుకుతుంది. ఊరి కమ్మరి సాగగొట్టిన బాడిస, ఇంకా కత్తిలా తెగేది, కిలో లెక్కన పోతుంది. దాని మీద పేరు లేదు కాబట్టి. ఇందులో ఒక వెక్కిరింత ఉంది. మూసలో ఉక్కు కరిగించడం షెఫీల్డులో 1740లలో హంట్స్‌మన్ మొదలుపెట్టాడు. అంతకు చాలా ముందే మన తెలంగాణలో కోనసముద్రం లాంటి ఊళ్ల కొలుముల్లో మూసలో ఉక్కు దిగింది, దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చి ఆ ఊళ్లో మకాం వేశారు. 'వూట్జ్' అని వాళ్ల శాస్త్రజ్ఞులు రాసుకున్నది మన 'ఉక్కు' మాటనేనంటారు. ఆ ఉక్కు చేసినవాళ్లెవరూ దానిమీద పేరు కొట్టలేదు. పేరు కొట్టినవాడిదే చరిత్ర అని మేం సభల్లో ఉపన్యాసాలిచ్చాం. కొట్లో నిలబడితే మాత్రం మా కన్ను ముందు ముద్ర మీదికే పోయేది.

ఎలా పోయిందో చెప్పాలి. ఇది రాయకుండా ఉండొచ్చు. కానీ ఇంత రాశాక ఇది రాయకపోతే పైదంతా కబుర్లే.

పన్నెండేళ్ల కిందట, వానాకాలం. ఒక కొట్లో గోనెసంచి నిండా వడ్రంగి సామాను దొరికింది. ఏడు ఉలులు, ఒక చిత్రిక, ఒక బాడిస. ఏడింటిలో ఒకదాని మీద మూడాకుల గుర్తు. కిలో లెక్కన డబ్బిచ్చి తెచ్చుకున్నాం. రెండ్రోజులు తోమాం. నాలుగోరోజు కొట్టు యజమాని ఫోను చేశాడు. సామాను తాలూకు మనిషొచ్చాడు, ఇంట్లో వైద్యానికి అమ్ముకున్నాడట, ఇప్పుడేదో పని దొరికిందట, మీరే చూసి చెప్పండి అని. వెళ్లాం. పెద్దాయన. పంచె మోకాళ్లపైకి కట్టుకుని, చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. 'సాయిబుగారండీ, మీరు పెట్టింది మీకిచ్చేస్తానండి, పైన ఇంకో యాభై వేసుకోండి' అన్నాడు. యాభై వద్దన్నాం. మంచివాళ్లం కదా. సంచి ఆయన ముందు పెట్టాం. ఆయన గోనె మీద ఒక్కొక్కటీ పరిచాడు. చిత్రిక, బాడిస, ఉలులు. లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

'ఇంకోటుండాలండి' అన్నాడు.

'మాకొచ్చింది ఇంతే' అన్నాం.

ఆ ఇంకోటి మా ఇంట్లో, నూనె రాసిన గుడ్డలో ఉంది.

పెద్దాయన మావైపు చూళ్లేదు. కొట్టు యజమాని వైపు చూశాడు. ఆ చూపు మాకు బాగా తెలుసు. పుట్టినప్పట్నించీ మామీద పడుతూ వచ్చిన చూపే. పాత ఇనప సాయిబు, దొంగ సరుకు, కాజేసి ఉంటాడు. యజమానికి ఏడు ఉలులు తూచిన సంగతి గుర్తుంది. ఒక్కసారి మా మొహం చూశాడు. ఏమీ అనలేదు. మావాడు కాబట్టి అనలేదు. పరాయివాడి ముందు మనవాణ్ణి దించకూడదు కదా. ఆ పూట దొంగతనం మాది, పేరు అతనిది. ఇన్నేళ్లుగా మా మొత్తం మీద పడుతున్న అనుమానం అన్యాయమని రాస్తూ వచ్చిన చేత్తోనే, ఆ అనుమానాన్ని తీసి ఒక పేదవాడి నెత్తిన పెట్టి ఇంటికొచ్చాం.

'మేం' అని రాస్తుంటే చెయ్యి తేలిగ్గానే నడుస్తోంది. దెబ్బ తిన్న చోటా మేం, ఉలి దాచుకున్న చోటా మేం. తెలుగులో 'మనం' అంటే వినేవాడూ కలుస్తాడు. 'మేం' అంటే వినేవాణ్ణి బయట నిలబెట్టి మాట్లాడటం. ఆ పెద్దాయన్ని అలాగే బయట నిలబెట్టాం.

తర్వాత చాలాసార్లు తిరిగి ఇచ్చేద్దామనుకున్నాం. ఏమని చెప్పి ఇవ్వాలి? అల్లా క్షమిస్తాడు గానీ, మనిషి హక్కు కాజేస్తే ఆ మనిషే క్షమించాలని చిన్నప్పుడు మౌల్వీగారు చెప్పిన మాట ఒకటుంది. అది తప్పించుకోవడానికి వీల్లేని మాట. ముందు కొట్టు యజమాని దగ్గరికి వెళ్లాం. చెప్పాం. 'నాకు తెలుసన్నా' అన్నాడు. 'అప్పుడే చెప్పొచ్చుగా' అన్నాం. 'చెప్తే ఆయన మన ఇద్దరినీ అనుకునేవాడు. ఇప్పుడు నన్నొక్కణ్ణే అనుకున్నాడు' అన్నాడు. ఆ లెక్క మాకు తట్టలేదు. పెద్దాయన ఇల్లెక్కడో అతనే చెప్పాడు.

పోయిన చలికాలం వెళ్లాం. పెద్దాయన లేడు, పోయి నాలుగేళ్లయిందట. కొడుకు రోడ్డు పక్క షెడ్డులో తలుపులు చేస్తున్నాడు. కరెంటు మిషను, చెవులకి దూది. మిషను ఆపి వచ్చాడు. గుడ్డ విప్పి ఉలి చేతికిచ్చాం. తిప్పి చూశాడు. బొటనవేలితో పదును చూశాడు.

'మంచి ఉక్కండీ. ఎంతకిస్తారు?' అన్నాడు.

మీ నాన్నగారిదన్నాం. ఎలా మా దగ్గర ఉండిపోయిందో చెప్పాం. మొత్తం చెప్పాం. కొట్టాయన తప్పు లేదని రెండుసార్లు చెప్పాం. అతను చాలాసేపు ఆ మూడాకుల గుర్తు మీద వేలితో రాస్తూ ఉండిపోయాడు.

'ఒకటి తగ్గింది, ఒకటి తగ్గిందని అంటానే ఉండేవాడండి పోయేదాకా' అన్నాడు. 'మతిపోయి అంటున్నాడనుకున్నామండి మేం.'

తర్వాత చెవిలో దూది తీసి జేబులో వేసుకుని, బల్ల మీది రంపపు పొట్టు చేత్తో దులిపాడు.

'కూర్చోండి, టీ తెప్పిస్తాను' అన్నాడు.

కూర్చున్నాం.